ఎదురింటికి వెళ్ళిన వాసన

ఆదివారం పొద్దెక్కాక వకుళ గుత్తివంకాయ కూర దించి మూత తీస్తుంది. వాసన గిన్నెలోంచి లేచి, వంటింటి గడప దాటి, హాల్లో భర్త చలపతి చదువుతున్న పేపరు అంచును కాస్త కదిపి, గుమ్మం దగ్గరున్న వకుళ చెప్పులు వేసుకుని ఎదురింటికి వెళ్ళిపోతుంది. చెప్పులు టపటపమనడం వకుళకు స్పష్టంగా వినిపిస్తుంది.

"ఎవరు వెళ్ళారు?" అంటాడు చలపతి పేపరు దించకుండా.

"కూర వాసనండీ."

"చెప్పి వెళ్ళొచ్చుగా."

వకుళ పేరున్న వంటమనిషేమీ కాదు. ఏ పెళ్ళికీ గరిటె పట్టలేదు, ఎవరికీ పచ్చళ్ళు పెట్టి పంపలేదు. తెనాలిలో కాలువ పక్క వీధిలో ఈ రెండంతస్తుల భవనం కింది వాటాలోకి కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు అన్నం వార్చడం కూడా చేతకాదు. గిన్నెలు మాడ్చుకుంటూ, చేతులు కాల్చుకుంటూ తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు ఆమె తాలింపు వేసిందంటే మెట్లెక్కుతున్నవాళ్ళు ఆ గుమ్మం ముందు ఆగుతారు. "ఏం చేశారు వకుళగారూ, కాళ్ళు కదలట్లేదు," అంటారు. ఆ ఒక్క మాట మీద ఆమె వారమంతా బతుకుతుంది. ఈ సంగతి చలపతికి కూడా తెలియదు.

చెప్పులు లేవు కాబట్టి వకుళ వట్టి కాళ్ళతోనే ఎదురింటికి వెళ్తుంది. అక్కడ దమయంతి ఒక్కతే ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది. వానాకాలంలో వచ్చి చేరింది. ఆ ఇంట్లో పొయ్యి మీద ఏమీ లేదు. అయినా వేయించిన నువ్వులు, ధనియాలు, చింతపండు పులుసు, నూనెలో మగ్గిన లేత వంకాయ, అన్నీ అక్కడే ఉన్నాయి. గదినిండా తమ ఇల్లే అన్నట్టు కూర్చున్నాయి.

"మా వాసన ఇట్టా వచ్చింది," అంటుంది వకుళ.

"వచ్చిందక్కయ్యగారూ. కూర్చోమన్నాను."

"పంపించెయ్యి."

"అన్నం వేళకి గుమ్మంలోకి వచ్చినదాన్ని పొమ్మని ఎట్టా అంటాను? మీరైతే అంటారా?"

వకుళైనా అనదు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకదు. దమయంతి కంచంలో వట్టి తెల్లన్నం కలుపుకుంటూ, గాలి పీలుస్తూ, ముద్ద ముద్దకీ కళ్ళు మూసుకుంటోంది. నూనె కాగాక పడ్డ మొదటి ఆవగింజలా వకుళ పక్కటెముకల కింద ఏదో చిటపటమంటుంది.

ఇంటికి వచ్చేసరికి చలపతి కంచం ముందు ఆలోచిస్తున్నాడు.

"ఇది ఏం కూర?"

"కనపడట్లా? వంకాయ."

"కళ్ళు వంకాయనే అంటున్నాయి. ముక్కు ఒప్పుకోవట్లేదు," అని అతను కంచం పట్టుకుని లేచి గుమ్మంలో ఎదురింటి వైపు తిరిగి కూర్చుంటాడు. అక్కడైతే అన్నం చక్కగా దిగుతుంది. ఇంకాస్త పెట్టమని వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపుతాడు.

ఆ రోజు నుంచి వకుళ ఏది వండినా ఇదే వరస. చేపల పులుసు వాసన మెట్ల మీద ఎర్రగా చుక్కలు రాల్చుకుంటూ పోతుంది. పెసరట్టులో అల్లం అట్టు తిరగేసేదాకా కూడా ఆగదు. మెట్లెక్కేవాళ్ళు ఇప్పుడు ఎదురు గుమ్మం ముందు ఆగుతున్నారు.

"ఏం చేశారు టీచరుగారూ?"

"నేనేమీ చెయ్యలేదండీ," అంటుంది దమయంతి. అది నిజమే.

"ఎంత వినయం చూడండి," అనుకుంటూ వాళ్ళు మెట్లెక్కిపోతారు.

వకుళ తలుపు వెనక నిలబడి ఇదంతా వింటుంది. వాసన పోతే పోయింది. ఆ వినయం కూడా తన చేతి వంటతో వచ్చినదేనని ఎవరికి చెప్పుకోవాలి?

ఒక రోజు పప్పు పొయ్యి మీద ఉండగానే గ్యాసు అయిపోతుంది. వకుళ కంగారుపడదు. పీట వాల్చుకుని కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకుంటుంది. కడుపుమంట మీద పప్పు ఉడుకుతుంది. మంట సన్నగా, నీలంగా, మసి లేకుండా వస్తోంది.

చలపతి వంగి చూసి, "సన్నసెగ మీదైతే అడుగంటదు," అని ఆఫీసుకు వెళ్ళిపోతాడు.

తర్వాతి ఆదివారం వకుళ పంతం పడుతుంది. కిటికీలు మూసి, తలుపు సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతుంది. మాంసం కడిగి, అల్లం వెల్లుల్లి నూరి, మసాలా పట్టించి దాక నింపుతుంది. మూత పెట్టి దాని చుట్టూ గోధుమపిండి ముద్ద గట్టిగా మెత్తుతుంది. దాకను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంటుంది. కాసేపటికి లోపలి నుంచి మూత మీద ఎవరో వేలితో తడతారు.

"తియ్యను," అంటుంది వకుళ. "నిన్ను పుట్టించింది నేను."

"కాదనలేదు," అంటుంది వాసన. "కానీ ఇక్కడ నన్ను మెచ్చుకుంటే ఆ మెప్పు మీరు తీసుకుంటారు. అక్కడైతే ఆవిడ నాకేం తెలియదంటుంది. అందుకని అదంతా నాకే మిగులుతుంది."

వకుళ మూతను ఇంకా గట్టిగా అదుముతుంది. దమయంతి గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చినప్పుడల్లా వంటిల్లు ఇంకో పొయ్యిగట్టంత పొడుగు సాగుతుంది. సింకు దూరమవుతుంది. పప్పుల డబ్బాల అర దూరమై, రోడ్డుకు అవతలి దుకాణంలా కనిపిస్తుంది. వకుళ దాకను నడుముకెత్తుకుని నడవడం మొదలుపెడుతుంది. నడిచేకొద్దీ పక్కనున్న పొయ్యిగట్టు చల్లబడుతూ వస్తుంది. దారిలో ఆమె పెళ్ళైన కొత్తలో మాడ్చిన గిన్నెలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. వాటిని తాకకుండా పక్కకు జరిగి పోతుంది.

చివర ఒక గోడ, గోడకు ఒక కిటికీ. కిటికీ అవతల దమయంతి వంటిల్లు. ఆమె పొయ్యి ముందు నిలబడి, గరిటెలోది నాలుక మీద వేసుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"ఏం చేస్తున్నావ్?" అంటుంది వకుళ.

"చింతచిగురు పప్పు చేశానక్కా. మా అమ్మ చేసేది. ఆ ఆదివారం నుంచి నేను ఏది చేసినా మీ గుత్తివంకాయ వాసనే వస్తోంది. ఇవాళ దీనికీ అదే." కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. "మా అమ్మ పోయాక ఆమె వాసన ఒక్కటే నా దగ్గర ఉండేది. ఇప్పుడు అది ఎట్టా ఉండేదో కూడా మర్చిపోతున్నాను. మిమ్మల్ని చూస్తే నాకెంత కుళ్ళో మీకు తెలీదు. నా ఇంట్లో కూడా మీరే ఉన్నారు."

వకుళకు ముందు సంతోషం కలుగుతుంది. ఎదుటి మనిషి తనను చూసి కుళ్ళుకుంటోందన్న మాట నాలుక మీద తియ్యగా కరుగుతుంది. రెండో ముద్దకే వెగటు పుడుతుంది. దమయంతి గరిటెను ముక్కు దగ్గర పెట్టుకుని వెతుక్కోవడం ఆమె అప్పుడు చూస్తుంది.

"దాక పట్టుకో, కాలుద్ది జాగర్త," అని కిటికీలోంచి అందించి, తనూ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అవతలికి దిగుతుంది.

ఇద్దరూ కలిసి పిండి ముద్ద పగలగొడతారు. మాంసం ఉడికి మెత్తబడింది. పప్పులో వెయ్యగా మిగిలిన చింతచిగురును దమయంతి అరచేతుల్లో నలిపి అందులో వేస్తుంది. గరిటె ఒక్కటే. దాన్ని ఇద్దరూ పట్టుకుని తిప్పుతారు.

"ఉప్పు చాల్లేదు," అంటుంది వకుళ.

"మా ఇంట్లో ఇంతే వేస్తాం."

"ఇది ఎవరిల్లు?"

దమయంతి చుట్టూ చూస్తుంది. వకుళ కూడా చూస్తుంది. తలుపు ఎటు తీస్తే ఎవరి హాలు వస్తుందో ఇద్దరికీ తెలియదు. ఉప్పు సగం చిటికె వేస్తారు.

అప్పుడు లేచిన వాసన వకుళది కాదు. దమయంతి గట్టిగా పీల్చి చూసి, మా అమ్మది కూడా కాదంటుంది. అయినా ఏడవదు. ఆ వాసన వాళ్ళిద్దరి మధ్య నుంచి బయటికి నడిచి, రెండు గుమ్మాల మధ్యనున్న ఖాళీలో నిలబడుతుంది. అది ఒక దూడ. ఇప్పుడే పుట్టినట్టు ఒళ్ళంతా తడిగా ఉంది, కాళ్ళు నాలుగు వైపులా జారుతున్నాయి. ఈ గుమ్మం వైపు ఒకసారి, ఆ గుమ్మం వైపు ఒకసారి తల తిప్పుతుంది.

"ఇటు రామ్మా," అంటుంది వకుళ వెనకే బయటికి వచ్చి, మెత్తగా.

దమయంతి ఆమె పక్క నుంచి ముందుకు వచ్చి వంగుతుంది. చింతచిగురు నలిపిన అరచేతిని దాని మూతి దగ్గర పెడుతుంది.

"అది మోసం," అంటుంది వకుళ.

"పిలవడం మోసం కాదా?"

చలపతి కంచం పట్టుకుని దూడ పక్కనే మెట్టు మీద కూర్చుంటాడు. "ఎవరో ఒకరు తేల్చుకోండి. అన్నం చల్లారిపోతోంది," అంటాడు.

అంతలో పైనుంచి తాలింపు చప్పుడు వినిపిస్తుంది. ఆ భవనానికి ఉన్నవి రెండు అంతస్తులే. ఆ పైన డాబా, డాబా మీద బట్టలారేసే తీగ, తీగ మీద ఆకాశం. ఇంకా కట్టని మూడో అంతస్తులో ఎవరో కాగిన నూనెలో కరివేపాకు దూసి వేస్తున్నారు.

దూడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాళ్ళు కూడదీసుకుని మెట్లెక్కడం మొదలుపెడుతుంది. వకుళా దమయంతీ దాని వెనకే డాబా మీదికి వెళ్తారు. మెట్లు అయిపోయినా దూడ ఆగదు. తీగ కింద నుంచి తల వంచి దాటి, అదే నడకతో పైకెక్కుతూ పోతుంది.

వకుళ దమయంతి చెయ్యి పట్టుకుంటుంది. దమయంతి అంతకన్నా గట్టిగా పట్టుకుంటుంది.

"ఎవరది?" అంటుంది వకుళ.

"తెలీదక్కా."

"ఇంగువ ఎక్కువేసింది."

"చాలా ఎక్కువేసింది," అంటుంది దమయంతి.

పైన ఎవరో ఆడమనిషి, "వచ్చావా, కూర్చో," అంటుంది. దూడ గిట్ట ఆనిన చోటల్లా ఆకాశం తోడుకున్న పెరుగులా గుంట పడుతుంది. ఆ గుంటల్లో తేటనీళ్ళు ఊరుతున్నాయి.