ఇద్దరు చూసే పని

పిల్లల కేంద్రం కప్పు కారడం మొదలైన ఏడాది ఆయమ్మ కింద ఒక బకెట్టు పెట్టింది. మరుసటి వానాకాలానికి బకెట్లు చాలక గిన్నెలు కూడా పెట్టాల్సి వచ్చింది. టీచరమ్మ పై ఆఫీసుకి చెబుతూనే ఉంది. ఈ ఏడు డబ్బు లేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆ మరుసటి ఏడు ఇంజనీరు వచ్చాడు. తలెత్తి చూసి, గోడ పెచ్చు గోటితో గీకి, ఈ గదుల్లో పిల్లల్ని ఉంచడం ప్రమాదమని రాసి వెళ్ళిపోయాడు. బాగుచేసే డబ్బు లేక కప్పు పాడైంది. కప్పు పాడైందని కేంద్రం మూసేశారు.

వీధి చివర రెండు గదుల సర్కారు పిల్లల కేంద్రం అది. పాకే పిల్లల దగ్గర్నుంచి బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా అక్కడే ఉండేవారు. పొద్దున పాలు, మధ్యాహ్నం అన్నం, ఆ తర్వాత చాపల మీద నిద్ర. ఎక్కువమంది పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు. లాండ్రీ వాళ్ళకి తెల్లవారగానే డ్యూటీ. ఆయమ్మ అంతకన్నా ముందే లేచి గేటు తీసేది.

ఆ పిల్లల్లో ఒకతి బుడంకాయ. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని పుట్టిన వారానికే తండ్రి పెట్టిన పేరు. అసలు పేరు రేషను కార్డుకే పరిమితమైపోయింది. వాళ్ళమ్మను కూడా లాండ్రీలో అందరూ బుడంకాయ వాళ్ళమ్మ అనే పిలిచేవారు. రెండేళ్ళు దాటినా పిల్లకి మాట రాలేదు. ఇంట్లో నాయనమ్మ మూగదని తేల్చేసి, కోడలి వైపు బంధువుల్లో ఎవరెవరికి నత్తి ఉందో వెతకడం మొదలుపెట్టింది. టీచరమ్మ మాత్రం రోజూ పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని, చెక్క ముక్కలు ఒకటొకటే చేతికిస్తూ కబుర్లు చెప్పేది. ఒకరోజు ముక్క ఇవ్వడం ఆపింది. పిల్ల చెయ్యి చాపి, “ఇంకోటి” అంది.

అదే మొదటి మాట. ఆ తర్వాత ఇక ఆపినవాళ్ళు లేరు. “మూగదన్నావు కదమ్మా, ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకో,” అని లారీ తోలి వచ్చిన తండ్రి తన తల్లిని ఆటపట్టించేవాడు.

కేంద్రం మూసిన వారం లాండ్రీ ఆడవాళ్ళు సెలవు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళారు. ఆఫీసరమ్మ కసురుకునే మనిషి కాదు. అందరినీ కూచోమంది.

“మూయలేదమ్మా. పెద్ద రోడ్డు అవతలి పేటలో ఉన్న కేంద్రంలో విలీనం చేశాం.”

“మా అత్తారింట్లో నన్నూ ఇట్లాగే విలీనం చేశారు మేడమ్,” అంది లాండ్రీలో అందరూ పొడుగక్క అని పిలిచే ఆమె. “ఇప్పటికీ కాళ్ళు చాపుకునే చోటు దొరకలేదు.”

ఆఫీసరమ్మ కూడా నవ్వింది. కానీ ఆ పేటకి రెండు బస్సులు మారాలి. ఆ కేంద్రం తలుపు తీసేది లాండ్రీ డ్యూటీ మొదలైన చాలాసేపటికి. పైగా అక్కడ ఉన్న పిల్లలకే చాపలు చాలవు. ఈ మాటే బుడంకాయ వాళ్ళమ్మ చెబితే, “నాకు తెలుసమ్మా. పైనుంచి వచ్చింది. వచ్చే ఏడు అడిగి చూస్తాను,” అంది ఆఫీసరమ్మ.

టీచరమ్మను దూరం బదిలీ చేశారు. ఆయమ్మది పక్కా ఉద్యోగం కాదు కనుక ఆమెను ఎక్కడికీ పంపలేదు. రేపట్నుంచి రావద్దన్నారు, అంతే.

ఆ ఆదివారం బుడంకాయ వాళ్ళమ్మే ముందు నడిచి, నలుగురిని వెంటబెట్టుకుని ఆయమ్మ ఇంటికి వెళ్ళింది. ఒక గది, ముందు చిన్న వసారా, వెనక, అద్దెకిచ్చిన ఇంటివాళ్ళతో కలిసి వాడుకునే దొడ్డి.

“మీ ఇంట్లోనే చూడు ఆయమ్మా. మాకు ఇంకెవరున్నారు?”

“వద్దమ్మా. అది ఇద్దరు చూసే పని. ఒకరు ఒకణ్ణి కడుగుతుంటే ఇంకొకరు మిగతావాళ్ళ మీద కన్నేసి ఉండాలి. ఒక్కదాన్ని నావల్ల కాదు.”

“నువ్వు కాదంటే నేను పని మానాలి. మానితే ఇంటద్దె ఎక్కణ్ణుంచి తేను?”

ఆయమ్మ చాలాసేపు కొంగు అంచు నలుపుతూ కూచుంది. బుడంకాయ వాళ్ళమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చివరికి ఆయమ్మ, “సరే, కొన్నాళ్ళు,” అంది. 

ఆ కొన్నాళ్ళు వేసవి దాటి వానల్లోకి వచ్చాయి. పిల్లల సంఖ్య పెరిగింది. ఒకరిని చేర్చుకున్నాక ఇంకొకరిని కాదనడం ఆయమ్మకి చేతకాలేదు. ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూచోవడం ఎవరూ చూడలేదు.

ఆ రోజు దొడ్లో నీళ్ళ సంపు మోటారు చెడితే ఇంటివాళ్ళు మెకానిక్కుని పిలిపించారు. అతను రేకు మూత జరిపి, లోపల చూసి, ఏదో సామాను కొనడానికి బజారుకి వెళ్ళాడు. వెళ్తూ మూత సరిగా వెయ్యలేదు. ఆయమ్మకి చెప్పలేదు కూడా. లోపల ఒక పిల్లాడు కక్కుకుంటే ఆయమ్మ వాణ్ణి కడిగి, నేల కడిగి, ఏడుస్తున్న ఇంకోదాన్ని ఎత్తుకుని లేచింది. బుడంకాయ గొంతు వినబడటం లేదని అప్పుడు గమనించింది.

లాండ్రీలో బుడంకాయ వాళ్ళమ్మ యంత్రంలోంచి తడి దుప్పట్లు లాగుతోంది. సూపర్వైజరు వచ్చి యంత్రం ఆపేశాడు. ఎప్పుడూ యంత్రం ఆపని మనిషి. “ఒకసారి కిందికి రామ్మా,” అన్నాడు. ఆమె పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు పిల్లని. మెట్లు దిగి, నడవా దాటితే చాలు. బల్ల మీద పిల్లకి మెడదాకా దుప్పటి కప్పి ఉంది. తమ దగ్గర ఉతికిన దుప్పటే, అంచున లాండ్రీ గుర్తు ఉంది. ఆమె ఏడవలేదు. భుజం దగ్గర దుప్పటి ముడత పడి ఉంటే, చేత్తో సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. పొడుగక్క వచ్చి చెయ్యి పట్టుకునేదాకా అదే చేస్తూ ఉంది.

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసి సిద్ధంగా ఉంచారు. అనుమతి లేకుండా ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని, అజాగ్రత్త వల్ల పిల్ల ప్రాణం తీసిందని ఆయమ్మ మీద. మెకానిక్కు పేరు కూడా చివర్లో ఉంది. కలం భర్త చేతికిచ్చారు.

“కేంద్రం మూసేసిన సంగతి ఇందులో ఎక్కడుంది?” అని అడిగింది ఆమె.

“అది నేరం కాదమ్మా,” అన్నాడు ఎస్సై, నెమ్మదిగానే.

“నేరం కాకపోతే కాకపోయింది. జరిగింది కదా, రాయండి.”

“అట్లా రాయడానికి లేదు.”

“అయితే నేను సంతకం పెట్టను. నేనే కాళ్ళావేళ్ళా పడి ఆమెకి అప్పజెప్పాను.”

భర్త ఆమె వైపు చూడకుండా సంతకం పెట్టాడు. ఇంటికి వచ్చాక అత్త నెత్తి బాదుకుంది. “కన్నపిల్లని మింగినదాన్ని వెనకేసుకొస్తావా? నువ్వసలు తల్లివేనా?” భర్త దూరం కిరాయి ఒకటి ఒప్పుకుని ఆ వారమే లారీ ఎక్కాడు.

ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళినరోజు లాండ్రీలో ఎవరికీ ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. ఒకామె అలవాటుగా, “బుడంకాయ వా...” అని నాలిక్కరుచుకుంది. తర్వాత అందరూ “ఇదిగో”, “వదినా” అంటూ సరిపెట్టుకున్నారు.

ఆయమ్మను పట్టుకెళ్ళాక పిల్లలు ఇళ్ళల్లో పడ్డారు. కొందరిని ముసలివాళ్ళు చూస్తున్నారు. కొందరిని బడి మానిపించిన అక్కలు చూస్తున్నారు. ఒకరోజు దుప్పట్లు మడతపెడుతూ పొడుగక్క తల దించుకుని అంది:

“నావాణ్ణి మంచం కోడుకి చీరతో కట్టేసి, బయట తాళం వేసి వస్తున్నా వదినా. వాడి చేతికి అందేలా నీళ్ళు పెడతా. మొదట్లో ఏడ్చేవాడు. ఇప్పుడు నేను కట్టడానికి చీర తీస్తుంటే వాడే కాలు చాపుతున్నాడు.”

బుడంకాయ వాళ్ళమ్మ మడతపెట్టే దుప్పటి కిందికి జారిపోయింది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసు నడవాలో దిగారు. అందరినీ కూడగట్టింది ఆమే. చంకలో పిల్ల లేనిది కూడా ఆమె ఒక్కతే. పిల్లలు ఫైళ్ళ బీరువాల మధ్య పాకారు, మెట్ల మీద తడిపారు, ఏడ్చారు. గుమాస్తా ఒకాయన, “ఇది ఆఫీసా, సంతా?” అని అరిచాడు. “సంత అయితే నయం, అక్కడ చెట్టు నీడైనా ఉంటుంది,” అంది పొడుగక్క. లాండ్రీలో ఆ రోజు యంత్రాలు తిరగలేదు. ఆపరేషను గదులకి దుప్పట్లు లేవని ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆడవాళ్ళు మరుసటి రోజూ వచ్చారు. పిల్ల పోయినప్పుడు కదలని ఫైలు దుప్పట్లు లేవనేసరికి కదిలింది.

రెండు గదుల్లో ఒకదానికి కప్పు మీద రేకులు వేశారు. రెండోది తాళంలోనే ఉంచారు. టీచరు లేదు. ఆయా పోస్టు ఒక్కటే ఇచ్చారు. ఆఫీసరమ్మ బుడంకాయ వాళ్ళమ్మను పిలిపించింది.

“ఆ పోస్టు నీకు ఇప్పిస్తానమ్మా. నేను చేయగలిగింది ఇంతే.”

“అది ఆయమ్మది. ఆమెకే ఇవ్వండి.”

“కేసున్న మనిషికి ఇవ్వరు.”

“మేం కేసు వద్దంటే?”

“ఇప్పుడది మీ చేతుల్లో లేదమ్మా. నువ్వు కాదంటే పోస్టు వెనక్కి పోతుంది.”

ఆమె అవునని గానీ కాదని గానీ అనకుండా లేచి వచ్చేసింది.

బెయిలు మీద వచ్చిన ఆయమ్మ గదిలోనే ఉంటోంది, బయటికి రావడం లేదు. తలుపు తోసి ఈమె లోపలికి వచ్చేసరికి, కొట్టడానికే వచ్చిందనుకుని ఆయమ్మ గోడవైపు జరిగింది. ఈమె నేల మీద కూచుంది.

“నన్ను పిలిచిందా?” అని అడిగింది తల్లి.

అబద్ధం చెప్పడం ఆయమ్మకి తేలికే. తల్లికి ఏది వింటే కాస్త ప్రాణం కుదుటపడుతుందో ఆమెకి తెలుసు. కానీ అన్నది వేరు.

“తెలీదమ్మా. నేను చూడలేదు. చూసి ఉంటే...” అని ఆపేసింది.

తల్లి తల ఊపింది. తర్వాత పోస్టు సంగతి చెప్పింది. ఆయమ్మ ముఖంలో ఏదో కదిలి, ఆరిపోయింది.

“తీసుకో. ఆ పిల్లల్ని కట్టేసి వస్తున్నారట, విన్నాను. కానీ ఒక్క మాట. ఇంకో మనిషి లేకుండా తలుపు తియ్యకు. నేను నీ మాట కాదనలేకపోయాను చూడు, నువ్వు అట్లా చెయ్యకు. ఎవరు ఏడ్చినా సరే, ఎవరు తిట్టినా సరే.”

ఆమె పోస్టు తీసుకుంది. రెండో మనిషిని ఇమ్మని ఆఫీసు చుట్టూ తిరిగింది. మంజూరు లేదన్నారు. చివరికి లాండ్రీ ఆడవాళ్ళే వంతులు వేసుకున్నారు. రోజుకొకరు కూలి పోగొట్టుకుని కేంద్రంలో ఉండాలి. సర్కారు పెట్టాల్సిన మనిషిని తల్లులు పెట్టుకున్నారు. ఇంట్లో అత్త, “మన పిల్ల పోయింది చాలక ఊరి పిల్లల ముక్కులు తుడుస్తావా?” అంది. తుడిచింది. మొదటి రోజుల్లో ఏ పిల్లయినా వెనక నుంచి కొంగు పట్టుకుంటే ఆమె గభాల్న వెనక్కి తిరిగేది.

వంతులు కొన్నాళ్ళు సాగాయి. ఒకరోజు వంతు ఉన్నామె రాలేదు. జ్వరమో, కూలి పోతుందన్న దిగులో ఎవరికీ తెలియదు. పిల్లలు, తల్లులు మెట్ల మీద నిలబడ్డారు. డ్యూటీ టైము దాటిపోతోంది. బుడంకాయ వాళ్ళమ్మ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని తలుపుకి వీపు ఆనించింది.

“ఈ ఒక్కరోజుకి తియ్యి వదినా!”

“ఇంకొకరు ఉంటే తీస్తాను.”

“నాకు ఈ వారంలో రెండో ఆలస్యం. గెంటేస్తారు!”

“ఇంకొకరు ఉండండి. తీస్తాను.”

వెనక నుంచి ఒక చిన్న వయసు తల్లి, చంకలో నెలల పిల్లతో, కోపం పట్టలేక అరిచింది. “నీకు పిల్లలుంటే తెలిసేది!”

ఆ మాట అన్న తల్లే ముందు ఏడవడం మొదలుపెట్టింది. బుడంకాయ వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. తలుపు దగ్గర్నుంచి మాత్రం జరగలేదు.

పొడుగక్క రోడ్డు వైపు చూసింది. లాండ్రీ బస్సు మలుపు తిరుగుతోంది. ఆమె భుజం మీది సంచి తీసి మెట్టు మీద పెట్టి, చెప్పులు విప్పింది.

“పోండే. నేనుంటా. ఈ నెల ఎట్లాగూ నా బతుకు విలీనమే.”

ఎవరూ నవ్వలేదు. తల్లులు పిల్లల్ని దించి బస్సు కోసం పరుగెత్తారు. చిన్న వయసు తల్లి తన పిల్లని ఎవరికివ్వాలో తెలియక నిలబడింది. బుడంకాయ వాళ్ళమ్మ చేతులు చాపి ఆ పిల్లని తీసుకుని, రెండో చేత్తో తాళం తీసింది.