వాసన పడని రోజులు

వచ్చింది, తలుపు కింద సందులోంచి ముందు వెల్లుల్లి వచ్చింది, వెనకే మాడీ మాడనట్టు వేగిన ఉల్లిపాయ, ఆ రెండింటినీ తోసుకుంటూ చేప, రా, ఇంకా దగ్గరికి రా, నేను కుర్చీలో ముందుకు వంగాను, కళ్ళు మాత్రం ప్రూఫు మీదే ఉన్నాయి, భోజనం తర్వాత ఒక మాత్ర, దేనికో ఈ మాత్ర, కీళ్ళ నొప్పులకేమో, గుండెల నిండా పీల్చి ఆగాను, లోపల ఏమన్నా కదులుతుందా, నాలుక కింద చేదు ఊరుతుందా, గొంతు బిగుస్తుందా, ఒక్కసారి, ఒక్కసారి తిప్పితే చాలు, చెత్తబుట్టని కాలితో టేబులు కిందికి లాగి సిద్ధంగా పెట్టుకున్నాను కూడా, పిచ్చిదాన్ని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, చూడటానికి గదిలో ఎవరున్నారు గనక, అందరూ తినేసి టీ తాగడానికి కిందికి పోయారు, ఏసీ ఒక్కటే తనలో తాను గొణుక్కుంటోంది, ఈ నెల తేదీ దాటింది, దాటిందని ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా, చెబితే మెట్లెక్కకు, బరువులెత్తకు అని ఇప్పట్నుంచే మొదలుపెడతారు, రేపు కాదని తేలితే ఆ మనిషి ముఖం నేను చూడలేను, మందుల షాపులో అమ్మే ఆ పరీక్ష పట్టీ మీద నాకు నమ్మకం లేదు, నా నమ్మకమంతా పెద్దక్క కూర మీదే, అది కడుపులో తిప్పితే ఉన్నట్టు, తిప్పకపోతే లేనట్టు, మళ్ళీ పీల్చాను, నోట్లో నీళ్ళు ఊరాయి, చేదుగా కాదు, ఆకలితో.

కాదు, ఇంకా తొందరేమో, పోయినసారి మాత్రం మొదటి రోజే తెలిసిందా ఏమన్నా, పెద్దక్క నాకు సొంత అక్క కాదు, ఆఫీసులో అందరికీ పెద్దక్కే, నాకు జోడీ, మందు డబ్బాల్లో మడతలు మడతలుగా పెడతారే చిన్నక్షరాల కాగితం, ఎవరూ చదవకుండా పారేసేది, దాన్ని అచ్చుకి పోయేముందు చదివి తప్పులు పట్టడం మా పని, ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం, ఒకరు అసలు ప్రతి పట్టుకుని పైకి చదవాలి, రెండో మనిషి ప్రూఫు మీద వేలు జరుపుతూ సరిచూసుకోవాలి, కామా వస్తే కామా అని చదవాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి, కొత్తలో ఇంటికెళ్ళాక కూడా నాకు ఆ ధోరణి పోయేది కాదు, అన్నం పెట్టాను కామా రండి ఫుల్‌స్టాప్ అంటే మా ఆయన పడీ పడీ నవ్వేవారు, మోకాళ్ళు తగిలేంత దగ్గరలో కూర్చుని చదువుతుంటే పెద్దక్క తిన్నదంతా నా ముఖానికే కొట్టేది, ఆవిడ భర్త ఓడలో వంటవాడిగా చేసి దిగిపోయాడు, ఓడంతటికీ వండిన చెయ్యి, ఇప్పుడు తినిపెట్టడానికి పెళ్ళాం ఒక్కతే మిగిలింది, ఓడంతటికీ వేసే వెల్లుల్లి ఈవిడ ఒక్కదాని కూరలోనే వేస్తాడు, కారియర్ మూత తీస్తే చాలు, కిటికీలు తెరుచుకోని గది కదా, సాయంత్రం దాకా కాగితాలు కూడా చేప వాసనే, అందరూ మూతులు తిప్పుకునేవాళ్ళు, ఏం చెయ్యమంటారర్రా, ప్రేమగా వండి పంపిస్తే పారబొయ్యమంటారా అనేది, పెద్ద మనిషిని ఇంకేమంటారు, కక్కలేక మింగలేక ఊరుకునేవాళ్ళు, నిజంగా కక్కింది నేనొక్కదాన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, ఆవిడ అలా మూత తీసింది, నేను ఇలా బుట్టలోకి వంగాను, ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి నా వీపు నిమురుతూ, చెవి దగ్గర, ఏమే, నెల తప్పావా అంది, నాకే తెలియదు అప్పటికి, కూర్చుని లెక్కేసుకుంటే నిజమే, మా ఆయనకంటే ముందు, డాక్టరమ్మకంటే ముందు ఆవిడకే తెలిసింది, కారియర్ మూత పెట్టేసింది, లోపలి దొరగారికి మన వంట నచ్చలేదట, పద, బయటికి పోదాం అని కారియర్‌తో చెప్పి మెట్ల మీదికి నడిచింది, అయ్యో నాకేం ఫరవాలేదు పెద్దక్కా అంటే, నిన్నెవరడిగారే, వాణ్ణి అడిగాను, వాడు వద్దన్నాడు అంది, ఆ రోజు నుంచి ఆవిడ భోజనం మెట్ల మీదే.

ఇప్పుడు ఆ మెట్లు కూడా లేకుండా పోతున్నాయి, అదీ నా నోటి మీదుగానే, ఇందాక ఫుల్‌స్టాప్ పిలిచాడు, మా సూపర్‌వైజరు, ఏ మాటైనా అంతే ఇక అని ముగిస్తాడు కాబట్టి ఆ పేరు, పై అంతస్తు ఆఫీసువాళ్ళు మెట్లెక్కుతుంటే ముక్కు మూసుకోవాల్సి వస్తోందని గోల చేస్తున్నారమ్మా, రేపట్నుంచి ఆవిడ్ని కింద బండ్లు పెట్టే షెడ్డులో తినమందాం, నేను చెబితే నా మీద విరుచుకుపడుతుంది, మీరు చెప్పండి, అసలు మీకు పడకపోబట్టే కదా ఆవిడ బయటికి పోయింది, మీ మాట కాదనదు, భోజనాలయ్యేలోగా చెప్పెయ్యండి, అంతే ఇక, నేను, నాకిప్పుడు పడుతోంది సార్, ఎప్పట్లాగే లోపలే తిననివ్వండి అంటే సరిపోయేది, ఎంతసేపు ఆ మాట, కానీ ఎందుకు పడుతోంది అని ఆయన అడగకపోయినా ఆయన కళ్ళు అడుగుతాయి, అయ్యో పాపం అని వెంటనే కిందికి వాలిపోతాయి, నేను చూస్తాను సార్ అని వచ్చేశాను, షెడ్డులో కూర్చోవడానికి చోటుందా, ఆవిడ మోకాళ్ళు అసలే అంతంత మాత్రం, లిఫ్టేమో ఎప్పుడూ సరుకులకే, దిగి, తిని, మళ్ళీ ఎక్కాలి, ఇదంతా తెలిసి కూడా నా నోరు పెగల్లేదు, ఎందుకంటే ఈమెకి వాసన పడదు అని ఆఫీసులో నా గురించి అనుకునే ఒక్క మాటే మిగిలింది ఆ రోజుల్లోంచి, ఇంట్లో మిగతా అన్నీ తీసేశారు, వేసుకోవలసిన మాత్రలు తీసేశారు, గోడ మీద తేదీ చుట్టూ మా ఆయన గీసిన సున్నా కనపడకుండా ఆ కేలండరే తీసేశారు, ఈ ఒక్క మాట తియ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆసుపత్రిలో ఉన్న రోజులకి సెలవు అడిగినప్పుడు జ్వరమన్నాను, జ్వరమే అన్నారు అందరూ, తిరిగొచ్చాక ఒళ్ళు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, ఎవరూ అడగలేదు, డాక్టరమ్మ మంచిదే, చెయ్యి పట్టుకుని చెప్పింది, ఇంకా బిడ్డ కాదమ్మా, పిండమే, మొదటిసారి చాలామందికి ఇలా జరుగుతుంది అంది, అత్తయ్య ఫోనులో చెట్టు బాగుంటే కాయలకేం లోటే అంది, అమ్మ ఊరుకో, ఏడవకు, ఒంటికి మంచిది కాదు అంది, ఎవరి మాటా చెడ్డది కాదు, ఒక్కరి మాటలోనూ వాడు లేడు, మా ఆయనైతే ఆ మాటే ఎత్తరు, అంతకుముందు నేను పేర్లు వెతుకుతుంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవారు, ఆలిని నేనున్నాను, చూలు కడుపులో ఉంది, ఇంకేం కావాలండీ మీకు అని నేను పోట్లాడేదాన్ని, ఇప్పుడు ఆ సామెత ఇంకెవరైనా అంటే ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతారు, పనిలో మాత్రం తప్పించుకోవడం కుదరదు, ప్రతి మందు కాగితంలోనూ ఆ లైను ఉంటుంది, గర్భిణులు కామా పాలిచ్చే తల్లులు కామా డాక్టరు సలహా లేకుండా వాడరాదు, పెద్దక్క అన్ని కామాలూ గట్టిగా చదువుతుంది, ఆ లైను దగ్గర మాత్రం ఒక్క ఊపిరిలో, కామాలు మింగేసి, గబగబా దాటిపోతుంది, నేను వేలు పెట్టి నా అంతట నేనే చూసుకుంటాను, కామాలున్నాయి, సరిగ్గానే ఉన్నాయి, నాకు ఏం కావాలో అడిగితే చెబుతాను, నాకు ఆ వికారం కావాలి, పళ్ళు తోముకుంటుంటే పేగులు నోట్లోకొచ్చే ఆ పొద్దులు కావాలి, బస్సులో పక్కవాడి తలనూనె వాసనకి దిగిపోయి సగం దారి నడిచిన ఆ ఎండ కావాలి, వాణ్ణి నేను చూడలేదు, ఎత్తుకోలేదు, వాడు నాకు తెలిసిందల్లా కడుపులో తిప్పడంగానే, అందుకే రోజూ ఈ వేళకి తలుపు వైపు ముక్కు పెట్టుకుని కూర్చుంటాను.

నడుములో నొప్పి, ఇందాకట్నుంచీ ఉంది, కుర్చీది అనుకుంటున్నాను, కుర్చీది కాదు, ఈ నొప్పి నాకు తెలుసు, తెలిసినా ఇంకో లైను చదివాను, చల్లని చోట భద్రపరచాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి, లేచాను, బాత్రూముకి పోవాలంటే మెట్లు దాటాలి, తలుపు తీశాను, పెద్దక్క గోడకి ఆనుకుని, ఒళ్ళో కారియర్ పెట్టుకుని, కాళ్ళు కింది మెట్టు మీదికి చాపి కూర్చుంది, నన్ను చూడగానే గబుక్కున మూత పెట్టేసింది, నేను పక్కనుంచి దాటిపోయాను, బాత్రూములో గడియ పెట్టుకుని చూసుకుంటే వచ్చేసింది, అంతే, తేదీ దాటడం ఒట్టి ఆలస్యమే, కుళాయి తిప్పి వదిలేసి కాసేపు నిలబడ్డాను, ఏడుపు చప్పుడు బయటికి పోకుండా ఉంటుందని, ఆ తర్వాత ముఖం కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి ఆవిడ ఇంకా మూత తియ్యలేదు, నేను పోయేదాకా ఆగుదామని కూర్చుంది, అన్నం చల్లారిపోతూ ఉంటుంది, ఈ గోడలకి కిటికీ లేదు, మెట్లు దుమ్ము, పైనుంచి ఎవరో దిగుతూ అబ్బా అని ముక్కు మూసుకుని పోయారు, ఆవిడ కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది, వాళ్ళు పోయాక మళ్ళీ చాపుకుంది, ఈ మనిషి ఎవరికోసం ఇక్కడ కూర్చుంది, వాడు పోయి ఇన్నాళ్ళయింది, నేను బయటికి పొమ్మనలేదు, లోపలికి రమ్మననూ లేదు, నేను ఆవిడ పక్క మెట్టు మీద కూలబడ్డాను, ఏమైందే, ముఖం అలా ఉంది, నడుము నొప్పా అంది, అవును పెద్దక్కా అన్నాను, ఈ నెల కూడానా అంది, అంటే ఆవిడ నా తేదీలు లెక్కపెట్టుకుంటోంది, అవును అన్నాను, ఆవిడ నా నడుము మీద చెయ్యి వేసి రుద్దడం మొదలుపెట్టింది, చేప వాసన చెయ్యి, నేను ఇంక ఉండబట్టలేక అడిగేశాను, ఇంకా ఇక్కడే ఎందుకు తింటున్నావు, నాకిప్పుడు పడుతుందని నీకు తెలుసు కదా అంటే, తెలుసు అంది, మరి లోపలికి రావచ్చు కదా అంటే, చెయ్యి ఆపింది, నేనొచ్చి నీ ఎదురుగా కూర్చుని మూత తీశాననుకో, వాడు లేడని అందరి ముందూ నేను చాటినట్టు అవదుటే, ఆ మాట చెప్పడానికి నేనెవర్ని, అది నువ్వు చెప్పాలి, నీకు చెప్పబుద్ధి పుట్టినప్పుడు చెప్పు, తొందరేముంది, నేనెక్కడ తింటే ఏంటి, పొట్టలోకేగా పోయేది అంది, అని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది, నాకు కళ్ళు మసకలు కమ్మాయి, వాడి కోసం ఒక ఊయల కొన్నవాళ్ళు లేరు, ఒక పేరు పెట్టినవాళ్ళు లేరు, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు బిడ్డ కాదన్నారు, ఈవిడ మాత్రం ప్రతి మధ్యాహ్నం మోకాళ్ళు పట్టుకుని లేచి, వాడికి పడదని, ఈ దుమ్ములోకి వచ్చి కూర్చుంది, వాడు లేకపోయాక కూడా కూర్చుంది, అసలు లేనివాడి కోసం ఎవరూ లేచి పక్కకి జరగరు, వాడు నా భ్రమ కాదు, నా జ్వరం కాదు, వాడు ఉన్నాడని ఇంకొకరికి కూడా తెలుసు, అది నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు, ఫుల్‌స్టాప్ చెప్పమన్న షెడ్డు మాట నోట్లోనే ఉండిపోయింది, మా బాబు పోయాడు పెద్దక్కా, అన్నాను, నా నోటి వెంట ఆ మాట మొదటిసారి వచ్చింది, అవునమ్మా, పోయాడు, అంది ఆవిడ, ఇంకేమీ కలపలేదు, మళ్ళీ పుడతాడనీ అనలేదు, ఊరుకోమనీ అనలేదు, ఆవిడ చెయ్యి నా నడుము మీద అలాగే ఉంది, ఉన్నవాడే కదా పోతాడు, వాడు ఉన్నాడు, కొన్నాళ్ళయినా మా మధ్య ఉన్నాడు.