వరసలో ఖాళీ

టోలక్ నది మీద ఒక మనిషికి జరగగల అన్యాయాల్లో, గాలానికి చేప పడి ఉండగా గుండెపోటు రావడం అన్నిటికన్నా పెద్దదని టౌనో కొస్కి అభిప్రాయం. ఓ గంట ముందు రావచ్చు, ఓ గంట తర్వాత రావచ్చు. ముప్ఫై పౌండ్ల మగ సాల్మన్ దారం లాక్కుపోతుంటేనే రావాలా? ఈ మాట ఆపరేషన్ చేసిన డాక్టరమ్మతో కూడా అన్నాడు. ఆవిడ నవ్వలేదు, మందుల చీటీలో ఇంకో మాత్ర చేర్చింది.

అది సెప్టెంబరు పదిహేడున జరిగింది. చేప వెంట మలుపు దాకా కొట్టుకుపోయాక ఎడమ చెయ్యి లాగింది, కళ్ళు తిరిగాయి, పడవలో కూలబడ్డాడు. దూరం నుంచి చూసిన మార్లీన్ తన పడవ వేసుకుని వచ్చి, దారం కోసేసి, అతన్ని రేవుకి చేర్చి అంబులెన్సు పిలిపించింది. ఆవిడ పొద్దున చేపలు పట్టి, తొమ్మిదింటి నుంచి ఊళ్ళో ఉత్తరాలు పంచే మనిషి. ఆ రోజు ఉత్తరాలు సాయంత్రం అందినా ఊళ్ళో ఎవరూ గొణగలేదు.

చచ్చిపోతానేమో అన్న భయం టౌనోకి మూడు రోజుల్లో వదిలిపోయింది. చోటు పోయిందన్న దిగులు మాత్రం ఏడు వారాలైనా వదల్లేదు.

ఆ చోటు సంగతి చెప్పాలి. నది సముద్రంలో కలిసే ముందు ఒకచోట కాస్త నెమ్మదిస్తుంది. ఆకులు పండే రోజుల్లో ఎదురెక్కే సాల్మన్లు అక్కడి లోతులో అలుపు తీర్చుకుంటాయి. ఆ లోతుకి పైన పన్నెండు పడవలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వరసగా లంగరేసుకుని నిలబడతాయి. చోటు ఎవరి సొత్తూ కాదు, తెల్లారేసరికి ముందొచ్చినవాడిది. సాయంత్రం లంగరెత్తి ఇంటికెళితే మర్నాడు మళ్ళీ పోటీయే. ఒక్కటే మినహాయింపు. పెద్ద చేప పడితే లంగరు తాడు విప్పి, దానికి కట్టిన తేలే బంతితో సహా నీళ్ళలో వదిలేసి, పడవని చేప వెంట పోనివ్వాలి. ఆ బంతి తేలుతున్నంతసేపూ చోటు అతనిదే. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, దీన్ని తప్పినవాడికి ఆ ఊళ్ళో కాఫీ పోసే ఇల్లు ఉండదు.

టౌనోది ఎడమ ఒడ్డు నుంచి ఐదో చోటు, నేరుగా గుంట మీద. ముప్ఫై ఏళ్ళుగా కోడి కంటే ముందు లేచి దాన్ని దక్కించుకుంటూ వచ్చాడు. ఇప్పుడు డెబ్బై ఒకటి. లంగరు లాగకూడదు, ఒంటరిగా పడవెక్కకూడదు, చలిలో తెల్లవారకముందే తిరగకూడదు. ఆ లెక్కన ఇంక ఆ చోటు ఈ జన్మలో రాదు. పరాయివాళ్ళలాగా వరసకి దిగువన, పన్నెండు పడవలు జల్లెడ పట్టి వదిలేసిన నీళ్ళలో గాలం వేసుకోవాలి. మంచం మీద పడుకుని కప్పు చూస్తూ ఇదే ఆలోచించేవాడు.

దానికి తోడు ఉర్హో మీద కోపం ఒకటి. ఉర్హోది నాలుగో చోటు. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ రెండు బారల ఎడంలో కూర్చుని ఒకే వాదన వాదించుకుంటున్నారు. టౌనో గాలానికి కట్టే బొమ్మచేప పొట్టకి నూనె కారే సార్డిన్ చేప ముక్కని దారంతో చుట్టి వదులుతాడు. ఉర్హో ఇత్తడి రేకులు తనే సుత్తితో కొట్టి, నీళ్ళలో తిరిగేలా వంచి, తళుకుతోనే పట్టాలంటాడు. వాసనతో పట్టేది ఎలుకల్నట. అంతమాత్రాన ఏడు వారాల్లో ఒక్కసారి ఆసుపత్రికి రాకూడదా? చర్చి పాస్టరు వచ్చాడు, పళ్ళ డాక్టరు కూడా వచ్చాడు. ఉర్హో రాలేదు, ఫోనూ చెయ్యలేదు.

"వాడికి మాటలు రావు, నీకు తెలుసుగా" అంది భార్య హెల్మి.

"రేకుల గురించి అయితే పొద్దస్తమానం వాగుతాడు" అన్నాడు టౌనో.

ఇంటికి పంపుతూ, నవంబరు మొదటి శనివారం నదికి వెళ్ళడానికి డాక్టరమ్మ సరేనంది. సీజను ఇంకా ఎనిమిది రోజులుంది. హెల్మి తన షరతులు చెప్పింది. మాత్రలు వేసుకున్నాక, జావ తాగాక, వెలుగొచ్చాక. ఆ పైన తనూ పడవెక్కుతుంది.

"నీకు పడవంటే పడదుగా" అన్నాడు టౌనో.

"పడదు. నువ్వు లేకుండా ఇంట్లో ఏడు వారాలున్నాను, అది అంతకన్నా పడలేదు. నోర్మూసుకుని కోటు వేసుకో."

నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అంత తిన్నగా ప్రేమ ఒలకబోసింది ఇదే మొదటిసారి. టౌనో కోటు వేసుకున్నాడు.

రేవుకి చేరేసరికి ఎనిమిదయింది. నది మీద మంచు ఇంకా విడలేదు. తడి ఆకుల వాసన, నది బురద వాసన ముక్కుకి తగలగానే టౌనోకి కళ్ళు చెమర్చాయి. బతికి ఉండటం ఎంత బాగుందో అనుకున్నాడు, ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడి మోటారు బటను నొక్కాడు. పడవ మెల్లగా దిగువకి సాగింది. మంచులోంచి ఒక్కొక్కటిగా పడవల ముక్కులు కనిపించాయి. మర్యాదగా వరసని చుట్టి దిగువకి పోదామని చివరి పడవ వైపు తిప్పాడు.

"ఎటు పోతున్నావురా?" మంచులోంచి ఉర్హో గొంతు వినిపించింది. "దారి మర్చిపోయావా? ఆపరేషన్ గుండెకా, బుర్రకా?"

"కిందికి పోతున్నా. అక్కడైతే నీ మొహం కనపడదు."

"నీ తాడు ఇక్కడుంటే నువ్వు కిందికెందుకు పోతావ్?"

టౌనో మోటారు తగ్గించాడు. ఉర్హో పడవకీ మార్లీన్ పడవకీ మధ్య సరిగ్గా ఒక పడవ పట్టే నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటికి కాస్త ఎగువన నారింజ రంగు బంతి తేలుతోంది. దాని మీద నల్ల పెయింటుతో కొస్కి అని రాసి ఉంది. ఆ వంకర అక్షరాలు తనవే. ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుందనుకున్న బంతి అది.

పదకొండు పడవల్లోని మనుషులూ తమ గాలం కర్రల కొసలవైపే చూస్తున్నారు. హెల్మి వంగి బంతిని అందుకుని తాడు పడవకి బిగించింది. పడవ ఒక్కసారి ఊగి, తన చోట్లో నిలబడింది.

మార్లీన్‌కి మాట దాచుకోవడం చేతకాదు. "ఏడు వారాలు, పెద్దాయనా! రోజూ తెల్లారకముందే ఈ ఉర్హో వచ్చి నీ బంతి పక్కన లంగరేశాడు. ఆదివారం చర్చి కూడా మానేశాడు. అక్టోబరు వరదకి ఇంత లావు చెట్టు కొట్టుకొచ్చి నీ తాడుకి చుట్టుకుంది. ఇతనొక్కడే రంపం పట్టుకొచ్చి కోసి, లంగరు పైకి లాగి, వరద తగ్గాక మళ్ళీ అక్కడే వేశాడు. అంగుళం కూడా తేడా లేదు, మేమందరం ఒడ్డు గుర్తులు చూసి చెప్పాం."

"నోరు మూసుకుంటే చేపలు పడతాయి మార్లీన్" అన్నాడు ఉర్హో.

"మూసుకోను. ఒకరోజు నగరం నుంచి పెద్ద పడవొకటి వచ్చి ఇందులో దూరబోయింది. ఇక్కడ మనిషున్నాడు, చేప వెంట కిందికి పోయాడు అన్నాడితను. ఎప్పుడు పోయాడని వాళ్ళు అడిగారు. సెప్టెంబరు పదిహేడున అన్నాడు. వాళ్ళు నవ్వారు. మేమెవరం నవ్వలేదు. కాసేపు మా మొహాలు చూసి వాళ్ళే పోయారు. చేపల ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చి, ఈ బంతి ఎవరిదయ్యా అని అడిగాడు. అదే సమాధానం. ఆయన పుస్తకం మూసేసి, పెద్ద చేపే అయ్యుంటుంది అని వెళ్ళిపోయాడు."

టౌనో ఉర్హో వైపు తిరిగాడు. ఎండా వానా తిన్న ఆ మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఆసుపత్రికి రాలేదేంరా మరి?"

"ఎలా వస్తాను? ఆసుపత్రి రెండు గంటల దారి. నేనొచ్చి కూచుంటే ఇక్కడ ఎవరుంటారు?" అన్నాడు ఉర్హో విసుగ్గా, అంత తెలివితక్కువ ప్రశ్న ఎప్పుడూ వినలేదన్నట్టు. "అయినా ఏడు వారాలు మంచి గాలి పీల్చాను. ఇదిగో, మళ్ళీ మొదలైంది ఆ సార్డిన్ కంపు."

టౌనో ఏదో అనాలి. ఆ నది మీద అలాంటి మాటలు అనే అలవాటు ఎవరికీ లేదు, నేర్పినవాళ్ళూ లేరు. అతను తల వంచుకుని బొమ్మచేపకి సార్డిన్ ముక్క చుట్టాడు. దారం రెండుసార్లు జారింది. మూడోసారి హెల్మి పట్టుకుని ముడేసింది. బొమ్మచేప నీళ్ళలో దిగి, లోతులో తోకాడిస్తూ గాలం కర్ర కొసని టకటకా ఆడించసాగింది. హెల్మి ఏలకుల రొట్టె ముక్కలు కోసి ఒకటి ఉర్హోకి విసిరింది. అతను పట్టుకుని థాంక్స్ చెప్పకుండా తిన్నాడు.

అరగంట తర్వాత కర్ర కొస ఆడటం ఆగింది. వెంటనే కర్ర మొత్తం నీళ్ళదాకా వంగిపోయింది.

"చేప!" అన్నాడు ఉర్హో.

మామూలుగా అయితే అరుపులు, ఈలలు ఉండేవి. ఈసారి అందరూ గబగబా తమ దారాలు చుట్టేసుకుని, దారి వదిలి, టౌనో వైపు చూశారు. పోయినసారి ఇలాగే కిందికి పోయిన మనిషిని స్ట్రెచర్ మీద చూసినవాళ్ళు వాళ్ళంతా. చేప దారం లాక్కుపోతోంది. రీలు అరుస్తోంది.

"కోసెయ్" అంది హెల్మి. ఆవిడ పెదాలు పాలిపోయాయి. "టౌనో, ఆ దారం కోసెయ్. చేప లేకపోతే మనకి గడవదా?"

టౌనో చెయ్యి కత్తి మీదికి వెళ్ళింది. ఆవిడ చెప్పింది నిజమే, గుండె గట్టిగా కొట్టుకుంటోంది. కానీ ఇప్పుడు కోసేస్తే ఈ చోట్లో తను ఊరికే కూర్చున్న రోగి అవుతాడు. చేపకి భయపడేవాడికి ఇక్కడ చోటెందుకు? ఏడు వారాలు వీళ్ళు కాపాడింది అలాంటివాడి కోసమా? అతను కత్తి వదిలేసి, పడవ అంచున బిగించిన కర్రని ఊడబెరికి హెల్మి చేతుల్లో పెట్టాడు.

"నువ్వు పట్టు. నేను పడవ నడుపుతా."

"నాకు రాదు!"

"నాకు వచ్చు, నీకు చెబుతాను. అది లాగినప్పుడు పోనీ, అలిసినప్పుడు చుట్టు. నాతో నలభై ఆరేళ్ళు చేసిందదేగా."

హెల్మి తిట్టుకుంటూనే కర్ర పట్టుకుంది. టౌనో తాడు విప్పి బంతిని నీళ్ళలో వదిలాడు. పడవ వరస నుంచి విడిపోయి కిందికి కొట్టుకుపోయింది.

మలుపు దగ్గరికి వచ్చినప్పుడు అతను తన ఎడమ చెయ్యి మడిచి, చాపి చూసుకున్నాడు. ఏమీ లేదు. ఉత్త చెయ్యి. చేప మూడుసార్లు పరుగెత్తింది, హెల్మి మూడుసార్లూ దాన్ని నానా మాటలూ అంది. పాస్టరు విని ఉంటే ఆవిడని చర్చి కమిటీలోంచి తీసేసేవాడు. చివరికి చేప పక్కకి ఒరిగి పడవ దగ్గరికి వచ్చింది. టౌనో ఊపిరి బిగపట్టకుండా, డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగా, చేతివల దాని కిందికి దింపాడు. ఇరవై పౌండ్లుండే ఆడచేప. మంచు విడి అప్పుడే పడ్డ ఎండలో దాని ఒళ్ళు రాగిచెంబులా మెరిసింది. హెల్మి పడవ అడుగున కూలబడి ఒకేసారి నవ్వింది, ఏడ్చింది.

"నొప్పేమైనా ఉందా?" అంది.

"లేదు."

"నిజంగా?"

"నిజంగా, హెల్మీ. ఏమీ లేదు. చాలా బావుంది."

పడవని ఎగువకి తిప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఇలా ఎన్నిసార్లు తిరిగొచ్చాడో లెక్కలేదు. ప్రతిసారీ పట్టిన చేపనో, పోయిన చేపనో తలుచుకుంటూ వచ్చేవాడు. ఈసారి మలుపు తిరగ్గానే తలెత్తి చూశాడు. నదికి అడ్డంగా పడవలు బారు తీరి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత ఏమీ లేదు, ఒక పడవ పట్టే వెలుతురు నీళ్ళు. ఆ తర్వాత మళ్ళీ ఏడు.

అతను మోటారు తగ్గించి పడవని నీళ్ళ మీదే నిలబెట్టాడు. తను లేకపోతే ఆ నది ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడు మొదటిసారి కనిపించింది. తన చోట్లో కూర్చున్నవాడికి అది ఎప్పటికీ కనపడదు. వాళ్ళు నలభై తొమ్మిది రోజులు పొద్దున్నే లేచి దీని పక్కన కూర్చున్నారు. రోజూ దీన్ని చూస్తూ కాఫీ తాగారు.

"ఏమైంది? చెయ్యి లాగుతోందా?" అని హెల్మి కంగారుగా లేచింది.

"లేదు. చూడు."

ఆవిడ చూసింది. కాసేపటికి చూపు తిప్పకుండానే అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

టౌనో పడవని ఆ ఖాళీలోకి నడిపాడు. రెండు పక్కలా మనుషులు చూస్తున్నారు. చేపెక్కడా అని కూడా ఎవరూ అడగలేదు, అతని మొహమే చూస్తున్నారు. టౌనో లేచి నిలబడ్డాడు, టోపీ తీశాడు.

"థాంక్స్" అన్నాడు. అది చాలదనిపించింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వినపడేలా, పదకొండు పడవలకీ మళ్ళీ చెప్పాడు. "మీ అందరికీ థాంక్స్. చచ్చేంత థాంక్స్. నన్ను ఉంచినందుకు."

ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ఒకాయన గట్టిగా దగ్గాడు. మార్లీన్ చేతిరుమాలు తీసింది. ఉర్హో తన ఇత్తడి రేకుని తిప్పి తిప్పి చూసుకుని, కళ్ళు తుడుచుకుని, పడవ వెనక్కి జారుతున్న టౌనో మీద కేకేశాడు.

"ఉపన్యాసం తర్వాతరా ముసలోడా! ముందు ఆ తాడు పట్టుకో, కొట్టుకుపోతున్నావ్!"