నూట పన్నెండో పేజీ మీద ఒక అభిప్రాయం

రాజకీయాల మీదో ప్రభుత్వం మీదో పుస్తకమంటే చాలు, పాఠకులకు ఎక్కడలేని హుషారొస్తుంది. కథల పుస్తకం ఎలా ఉందంటే "బాగుందండీ" అని తప్పుకునే పెద్దమనిషి కూడా మంత్రుల గురించి రాయమంటే మూడు కాగితాలు నింపేస్తాడు. కింద సంతకం పెట్టమంటే మాత్రం పెన్నులో సిరా అయిపోతుంది! అందుకే ఆ లైబ్రరీలో లైబ్రేరియనమ్మ ఒక పద్ధతి పెట్టింది. నెలకో పుస్తకం. చదివినవాళ్ళు పేరు లేకుండా చీటీ రాసి అట్టపెట్టెలో వెయ్యాలి. నెలాఖరు శనివారం మధ్యాహ్నం ఆమె వాటిని అందరి ముందూ చదవాలి. ఒకసారి మరీ ఘాటుగా ఉందని ఒక చీటీ దాచేస్తే, రిటైరైన లెక్కల మాస్టారు పెట్టె బోర్లించి మరీ లెక్కపెట్టి ఆమె పరువు తీశాడు. ఇక ఒక్కటీ వదలనని ఆ రోజే అందరికీ మాటిచ్చింది.

ఈ నెల పుస్తకం లైబ్రేరియనమ్మ వాళ్ళ నాన్నది.

ఆయన ప్రభుత్వంలో పెద్ద అధికారిగా చేసి రిటైరైనవాడు. ఆ ఉద్యోగ జీవితమంతా పుస్తకంగా రాసుకున్నాడు. మంచి అభిప్రాయాలొస్తే రెండో ముద్రణలో ముందు పేజీల్లో వేద్దామన్నాడు ప్రచురణకర్త. అంతే, వారం రోజులుగా ఆయనకి కాలు నిలవడం లేదు. "ఎన్ని చీటీలొచ్చాయమ్మా?" అని కూతురికి పూటకో ఫోను. ఇవాళ ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని ముందు వరుసలో ప్రచురణకర్త పక్కన కూర్చున్నాడు. అమ్మ రెండో వరుసలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది.

"మంత్రులందరూ దొంగలూ, మీరొక్కరే బంగారమా సార్? అయినా బాగా రాశారు," అంది మొదటి చీటీ. అందరితోపాటు నాన్నా నవ్వాడు. "ప్రభుత్వం ఎలా నడుస్తుందో చదివాక, అసలెలా నడుస్తోందా అని ఆశ్చర్యమేసింది," అంది ఇంకొకటి. మాస్టారు పగలబడి నవ్వాడు. దాన్నిబట్టి ఎవరు రాశారో అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి చీటీ చదువుతుంటే నవ్వులాగిపోయాయి.

"నూట పన్నెండో పేజీ చదివి ఏడ్చాను. వరద రోజు మంత్రిగారు ఈ సారు ఇంటికి ఫోన్ చేసి ఆనకట్ట గేట్లు వెంటనే ఎత్తమన్నారట. పల్లపు పేటలో జనం ఉన్నారు, ఖాళీ చేయించేదాకా ఆగండి అని ఈ సారు గంటసేపు బతిమాలారట. ఆయన వినలేదట. ఆ రోజు పోయిన పదకొండు మందిలో మా తమ్ముడున్నాడు. ఇన్నేళ్ళూ ఆఫీసర్లందర్నీ తిట్టుకున్నాను. మా కోసం ఒక్కరైనా బతిమాలారని ఇప్పుడే తెలిసింది."

"అది రాసింది నేనేనండీ," అంటూ వెనక వరుసలో టైలరు లేచి నిలబడ్డాడు. నాన్న గబగబా వెళ్ళి అతని చేతులు పట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు. లైబ్రేరియన్ కళ్ళు తుడుచుకుంది. ఆ గంటసేపు బతిమాలిన సంగతి వింటూనే ఆమె పెరిగింది. ఎవరెన్ని మాటలన్నా, తన తండ్రి జనాన్ని నీళ్ళకి వదిలేసేవాడు కాడని ఆమె ధైర్యం.

పెట్టెలో ఇంకొక్క చీటీ ఉంది. ఆమె మడత విప్పింది. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ వారంవారం ఉత్తరాల్లో చూసిన రాత అది. అమ్మ రాత. ఒక్క గుక్కలో కళ్ళతో చదివేసింది. అమ్మ వైపు చూస్తే, అమ్మ తల తిప్పుకోకుండా తననే చూస్తోంది. ఎంత పని చేశావమ్మా, నా నోటితోనే చెప్పిస్తావా! చీటీ మడిచేస్తే? ఖాళీ కాగితమంటే?

"ఏమ్మా, ఇంకోటి ఉందిగా?" అన్నాడు మాస్టారు.

"చదువమ్మా, తిట్లయినా పడతాను," అన్నాడు నాన్న నవ్వుతూ.

ఆమె చదివింది.

"నూట పన్నెండో పేజీలో ఉన్న ఫోను రాలేదు. ఫోను మా ఇంటి హాల్లో ఉండేది. ముందురోజు గాలివానకే లైను తెగిపోయింది. మా అమ్మాయికి నూట నాలుగు జ్వరముంటే, డాక్టరుకి ఫోన్ చేసే దారిలేక వానలో నడిచివెళ్ళాను. గేట్లెత్తమని సంతకం పెట్టింది రచయితే. ఆనకట్ట తెగుతుందని భయపడ్డారు. తెగితే ఊరంతా పోయేది. ఆ నిర్ణయం తప్పని నేననను. మంత్రి ఇప్పుడు లేడు కదా అని ఆయన నెత్తిన రుద్దడం, తాను బతిమాలానని రాసుకోవడం తప్పు. మిగతా పుస్తకం బాగుంది."

అప్పటిదాకా అభిప్రాయాలు రాసుకుంటున్న ప్రచురణకర్త పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. నాన్న మెల్లగా రెండో వరుస వైపు తిరిగాడు. అబద్ధమను నాన్నా, ఒక్కసారి అబద్ధమను, అని కూతురు లోపల కొట్టుమిట్టాడింది.

"నువ్వు... నా పుస్తకం ఎప్పుడు చదివావు?" అన్నాడాయన.

అంతే. ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది.

"బీరువా నిండా అవే కదండీ," అంది అమ్మ. "ఇంట్లో పిల్లకి చెప్పుకున్నన్నాళ్ళూ ఊరుకున్నాను. అచ్చేశాక ఊరుకోలేకపోయాను. ఇంట్లో అంటే మధ్యలో లేచిపోతారు, ఇక్కడైతే చివరిదాకా వింటారని రాశాను."

టైలరు ముందుకొచ్చాడు. కోపంగా ఉన్నా బాగుండేది. అతని ముఖంలో కోపం లేదు.

"సార్, గేట్లు ఎవరెత్తమంటే ఏముంది, మావాడు పోనే పోయాడు. ఒక్కటి చెప్పండి. ఆ గంట... మా గురించి ఎవరూ ఎవర్నీ అడగలేదా?"

నాన్న కూతురి వైపు చూశాడు.

"చెప్పు నాన్నా," అంది ఆమె.

"లేదు," అన్నాడు.

టైలరు తలాడించాడు.

"మా అమ్మకి ఎనభై అయిదేళ్ళు సార్. ఆ పేజీ నేనే చదివి వినిపించాను. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ చదవమంటోంది. ఇవాళ ఇంటికెళ్ళి ఏం చదవను?"

అప్పటిదాకా నిటారుగా కూర్చున్న అమ్మ చప్పున ముఖానికి చేతులడ్డం పెట్టుకుంది. ఈ మాట ఆమె కూడా ఊహించలేదు.