పెనుకొండలో దిగని టికెట్టు

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండలో దిగకుండా దాటి పోకూడదు. అక్కడ దిగి, బాబయ్య దర్గాలో చక్కెరకు ఫాతెహా చదివించుకుని, తర్వాతి బండి పట్టుకోవాలి. మా అత్త అలాగే చేసింది. నేనూ అలాగే చేస్తున్నాను. నా కోడలు రేఖ పెళ్ళై వచ్చినప్పటి నుంచి నాతోపాటు దిగుతూనే ఉంది. దిగకుండా పోతే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఎప్పుడైనా దీపం ముందు కూర్చున్నప్పుడు మనసులోనే అడిగేదాన్ని.

రేఖ లెక్కల్లో పరిశోధన చేస్తూ, బిడ్డ పుట్టాక ఆపేసింది. ఈ మధ్య ఆమె పాత గురువు వేణుగోపాల్ సారు ధర్మవరం కాలేజీకి ఉపన్యాసమివ్వడానికి వస్తున్నారని తెలిసి ఫోన్ చేసింది. "పదింటికి రా. ఒక్క ఉదాహరణ మొదటి నుంచి కడదాకా నా ముందర చేసి చూపించు. చేయగలిగితే మళ్ళీ చేర్చుకుంటా" అన్నారట ఆయన. ఆ మాట విన్నప్పటి నుంచి దాని మొహంలో ఒక వెలుగు, ఒక భయం.

బయల్దేరే ముందురోజు సాయంత్రం వంటింటి గడప దగ్గర పిల్లవాడి పలక పెట్టుకుని కూర్చుంది. పలక మీద మూడు చుక్కలు, వాటిని కలుపుతూ రెండు బాణాలు.

"ఏమే, ముగ్గు నేర్చుకుంటాండావా?" అన్నాను.

"ముగ్గయితే నిన్నే అడుగుదును కదత్తా. దీన్ని క్వివర్ అంటారు. ఇది హిందూపురం, ఇది పెనుకొండ, ఇది ధర్మవరం అనుకో. నాకు ఇట్ల ఊర్ల పేర్లు పెట్టుకుంటేనే తలకెక్కుతాది."

"మూడు చుక్కలకు ఇన్నేండ్లు సదవల్లనా?"

రేఖ నవ్వింది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఈ దారి మీద ఆరు రకాల టికెట్లున్నాయి. ఒక్కో ఊరికి ఒక ప్లాట్‌ఫారం టికెట్టు, పక్కపక్క ఊళ్ళ జతలకు రెండు, కొస నుంచి కొసకు నిండు టికెట్టు ఒకటి. ఊళ్ళు మూడు కాబట్టి మూడు టికెట్లు ఏరుకోవాలి. కానీ ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. పక్కపక్కనే ఉండి అతుక్కునేవి పొసగవు. సగం సగం ఒకదాని మీద ఒకటి ఎక్కేవీ పొసగవు. పొసిగిన మూడింటినీ కలిపి కట్టిన మూటను టిల్టింగ్ మాడ్యూల్ అంటారట.

"తల కొంచెం వాల్చి చూస్తే అదే ఇల్లు వేరేగా కనపడదా అత్తా? ఈ మూటలోంచి చూస్తే అదే దారి ఇంకో దారిగా కనపడతాది."

"సరే, మూటలు దొరికినాయా?"

"అదే కదా నా తిప్పలు. లెక్క ప్రకారం ఐదుండాల. నాకు నాలుగే వస్తాండాయి. ఐదోది యాడ దాంకోండాదో!"

పడుకునే దాకా చెరుపుతూ రాస్తూనే ఉంది. దొరకలేదు.

తెల్లవారి స్టేషనుకు పోతే మొదటి బండి రద్దయిందన్నారు. రెండో బండి ఎక్కాం. పెనుకొండలో దిగితే ఇక పదింటికి ధర్మవరం చేరలేం. చక్కెర పొట్లం నా ఒళ్ళో ఉంది.

"దిగుదాంలే అత్తా," అంది రేఖ కిటికీలోకి చూస్తూ. "సారుకు ఫోన్ చేసి చెప్తా. ఇంకోసారి..."

ఇంకోసారి ఉండదని దాని గొంతే చెప్పింది. బాబయ్యా, నువ్వు ఎప్పుడైనా మమ్మల్ని దిగమన్నావా, లేక మేమే అనుకున్నామా? అని మనసులోనే అడిగాను. పెనుకొండ వచ్చింది. నేను సీట్లోంచి లేవలేదు.

ప్లాట్‌ఫారం మీద పూలమ్మే కుళ్ళాయమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. "ఏమక్కా, దిగేకి కాళ్ళు రాలేదా ఈ పొద్దు?"

"సాయంత్రం వస్తామే. బాబయ్యకు చెప్పు."

"నేను చెప్తే ఇంటాడా? నా మోకాళ్ళ నొప్పి సంగతే ఇంతవరకూ ఇనలేదు!"

బండి కదిలింది. చేతులు జోడించాను. వెనక్కి పోతున్న ప్లాట్‌ఫారం వైపు చూస్తూ రేఖ ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా! మనం పెనుకొండలో దిగలేదు!"

"దిగలేదులే తల్లీ. చేసినదాన్ని మళ్ళీ ఎందుకు గుర్తు చేస్తావు?"

"అది కాదత్తా. నా నాలుగు మూటలూ పెనుకొండలో దిగేవే! అన్నిట్లోనూ ఉండే నిండు టికెట్టు తీసి పక్కన పెడితే, ప్రతి దాంట్లోనూ ఇంకో టికెట్టు పెనుకొండను తాకుతాది. అలవాటు! దిగకుండా పోయే మూట ఉంటాదనే నాకు తోచలేదు." సంచీలోంచి పలక తీసింది. "హిందూపురం ప్లాట్‌ఫారం, ధర్మవరం ప్లాట్‌ఫారం, నిండు టికెట్టు. ఆ రెండు ప్లాట్‌ఫారాలూ దూరదూరంగా ఉండాయి, అతుక్కునే పనే లేదు. ఇదే ఐదోది!"

ఎదురుగా కూర్చున్న పెద్దాయన మాకేదో లాటరీ తగిలిందనుకున్నట్టు చూశాడు.

కాలేజీలో నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. రేఖ బోర్డు మీద ఐదు మూటలూ రాసింది. సారు గడ్డం గోక్కుంటూ ఐదోదాని మీద వేలు పెట్టారు. "దీని విశేషమేమమ్మా?"

"ఒక ప్లాట్‌ఫారం టికెట్టు నుంచి నిండు టికెట్టుకు బాణముంది సార్. అక్కడి నుంచి రెండో ప్లాట్‌ఫారానికీ ఉంది. రెండూ కలిపి నడిస్తే మాత్రం సున్నా. అందుకే విప్పి చూడాలంటే మిగతా నాలుగింటికీ ఒక మెట్టు చాలితే, దీనికి రెండు మెట్లు కావాలి."

ఆయన సుద్దముక్క కింద పెట్టి, "ఎప్పుడు చేరతావు?" అన్నారు.

సాయంత్రం తిరుగు బండికి పెనుకొండలో దిగాం. చక్కెర చదివించుకుని దర్గా మెట్ల మీద కూర్చున్నాక అడిగాను. "ఏమే, దిగనందుకే కదా నీకు దొరికింది. దానికి మళ్ళీ దిగి చక్కెర చదివించుకోవడం సబబేనా?"

రేఖ చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంది. "దిగే అలవాటు లేకుంటే, దిగలేదని నాకెట్ల తెలుస్తుండె అత్తా?"

ఆ మాట నాకు నచ్చింది. సగమే అర్థమైంది. మిగతా సగం బాబయ్యకు వదిలేసి, తిరిగి స్టేషన్లో కుళ్ళాయమ్మ దగ్గర రెండు మూరల పూలు తీసుకున్నాను.