బొంబూ బుగ్గ మీద చుక్క

హైమావతిగారికి చిన్నతనం గుర్తొచ్చిందంటే పేరమ్మ వేళ్ళకు తిప్పలు వచ్చాయన్నమాటే.

హైమావతిగారిది కాకినాడ. భర్త దుబాయ్‌లో ఇంజనీరు, కాపురం కరామాలో మూడో అంతస్తు ఫ్లాటు. పేరమ్మది రాజోలు దగ్గర పల్లె. మూడేళ్ళ క్రితం, అంటే ఎనభై ఒకటిలో, ఆ ఇంట్లో పనికి చేరింది. వంట ఆమెదే, అంట్లు ఆమెవే, అమ్మగారి తలనొప్పికి అమృతాంజనం రాసేదీ ఆమే. ఆమె పాస్‌పోర్టు అమ్మగారి బీరువాలో పట్టుచీరల కింద ఉండేది. బీరువా దుమ్ము దులిపేది తనే గనక అది ఎక్కడుందో పేరమ్మకు తెలుసు. తాళంచెవి మాత్రం అమ్మగారి బొడ్లో ఉండేది.

ఆ పాస్‌పోర్టు ఇప్పుడు అత్యవసరంగా బయటికి రావాలి. ఊళ్ళో కూతురు చిట్టెమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలిచూలు. జనవరి ఆఖరి వారమని డాక్టరమ్మ చెప్పింది. పేరమ్మ మొగుడు పోయి ఆరేళ్ళయింది, తను ఇక్కడికొచ్చేశాక ఊళ్ళో ఇంట్లో ఆడదిక్కు లేదు. "నువ్వు పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలదమ్మా" అని చిట్టెమ్మ రాయించిన ఉత్తరాన్ని పేరమ్మ ఇంటికొచ్చిన ప్రతి తెలుగువాడిచేతా ఒకసారి చదివించుకుంది.

"ఎగ్జిబిషన్ అయిపోనీ పేరమ్మా. బొమ్మలు పూర్తిచెయ్యి. మర్నాడే టిక్కెట్టు" అని హైమావతిగారు మాటిచ్చారు.

ఎగ్జిబిషన్ తెలుగు వనితా సమితిది. ఏటా జనవరిలో, శుక్రవారం సెలవు చూసుకుని, ఒక స్కూలు హాల్లో పెడతారు. నిరుడు ఊరగాయలు పెట్టారు. ఆవకాయ ఎవరిది అసలైనదన్న చర్చలో ఇద్దరు సభ్యురాళ్ళకు మాటలు లేకుండా పోయాయి. అందుకని ఈ ఏడు గొడవలు రాని విషయం ఎంచుకున్నారు: చిన్నప్పుడు చూసిన బొమ్మల సినిమాలు.

దానికి కారణం టీవీ. సాయంత్రం అయిదయితే పిల్లలందరూ దాని ముందు కూర్చునేవారు. అందులో ఇనుప మనుషులు ఒకళ్ళనొకళ్ళు ముక్కలు చేసుకునేవారు. "మా కాలంలో బొమ్మల సినిమా అంటే ఎంత ముద్దుగా ఉండేది!" అని సమితి అధ్యక్షురాలు మాణిక్యాంబగారు నిట్టూర్చారు. అధ్యక్షురాలు నిట్టూర్చాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? బొంబూ గుర్తొచ్చాడు.

బొంబూ ఏనుగు పిల్ల. ముప్ఫయ్యేళ్ళ క్రితం అసలు సినిమాకు ముందు ఏడు నిమిషాలు తెరమీదికొచ్చి, తుమ్మి, కిందపడి, వెళ్ళిపోయేవాడు. ఆ ఏడు నిమిషాల గురించి హైమావతిగారింట్లో మూడు గంటలు సమావేశం జరిగింది. బొంబూ టోపీ ఎరుపని కాకినాడ అంది. నీలమని గుంటూరు అంది. పచ్చటి టోపీ, దానిమీద ఈక కూడా ఉండేదని ఏలూరు ఒట్టేసింది. గొంతులు లేచాయి.

టీ పళ్ళెం పట్టుకొచ్చిన పేరమ్మ ఆగి, "సినిమా నలుపూ తెలుపే అన్నారు కదమ్మగారూ?" అంది.

హైమావతిగారు పేరమ్మను వంటింట్లోకి పంపించేశారు. సమితి మాత్రం ఎరుపుకే ఓటేసింది, ఎందుకంటే మాణిక్యాంబగారి చీర ఆరోజు ఎరుపు.

నలభై బొంబూలు కావాలి. ఫెల్ట్ గుడ్డతో, చేత్తో కుట్టినవి. కుట్టే బాధ్యత హైమావతిగారు సగర్వంగా తీసుకున్నారు, పేరమ్మ ఉంది గనక.

డేరా బజార్లో లాల్ అహ్మద్ గుడ్డల కొట్లో ఆ గుడ్డను పేరమ్మ మొదటిసారి చూసింది. మందంగా, మెత్తగా ఉంది. ఎంత వెతికినా పడుగూ పేకా కనిపించలేదు. ఉన్నిని తడిపి, నలిపి, నొక్కి అట్టలా చేస్తారని లాల్ అహ్మద్ హిందీలో వివరించాడు.

"మగ్గమెక్కకుండానే గుడ్డయిపోద్దాండీ?" అంది పేరమ్మ నమ్మకం లేకుండా. ఇంటికొచ్చి కత్తిరించి చూసింది. పోగు ఊడలేదు. అప్పుడు నమ్మింది.

హైమావతిగారు అట్టమీద ఏనుగు గీసిచ్చారు. అది వంకాయలా ఉంది. పేరమ్మ దాన్ని వినయంగా అందుకుని పొయ్యి పక్కన పెట్టి, తన చేతివాటాన కత్తిరించుకుంది. ఊళ్ళో బొంతలు కుట్టిన చెయ్యి అది. అంచులకు కాజా కుట్టు వేసింది. తొండంలోకి గరిటె కాడతో దూది కూరింది. చెవులు చేటల్లా నిలబెట్టి, నెత్తిన ఎర్ర టోపీ కుట్టింది. ఆఖరున నల్ల ఫెల్ట్‌తో కళ్ళు కుట్టింది.

కళ్ళు పడగానే ఆ బొమ్మ ఆమెకేసి చూసింది. పురిటి గుడ్డు చూసినట్టే చూసింది. పేరమ్మ కాసేపు అది ఏనుగన్న సంగతి మరిచిపోయింది. కళ్ళకు కత్తిరించగా మిగిలిన నల్లముక్కలోంచి మినపగింజంత చుక్క తీసి ఎడమ బుగ్గమీద కుట్టేసింది. ఆమె ఊళ్ళో చుక్క పెట్టకుండా పసిగుడ్డును పొరుగింటివాళ్ళకు కూడా చూపించరు. ఈ బొమ్మల్ని దుబాయంతా చూడబోతోంది. నలభయ్యింటికీ నలభై చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క పెడుతూ, చిట్టెమ్మ కడుపులోని బిడ్డ చల్లగా ఉండాలని మనసులో అనుకుంది. ఇదంతా అమ్మగారికి చెప్పాల్సిన విషయమని ఆమెకు తోచలేదు. పసిపిల్ల మొహం కడిగామని ఎవరైనా చెబుతారా?

హైమావతిగారు చూసుకోనూ లేదు. ఆవిడ 'బొంబూ నా బాల్యమిత్రుడు' అన్న ఉపన్యాసం బట్టీ పడుతున్నారు. ఎగ్జిబిషన్ రోజు పొద్దున హాల్లో బల్లమీద బొమ్మలు సర్దుతుంటే చుక్క కంటబడింది. ఇంకో బొమ్మ చూశారు. ఇంకోటి చూశారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏమిటిది పేరమ్మా?"

"దిష్టి సుక్కండి. ఇంతమంది సూత్తారు కదండీ."

"ఏనుగుకి దిష్టి చుక్కేమిటే!"

"పిల్లేనుగు కదండీ."

"నా పరువు తీశావు! అందరూ నవ్వుతారు. పీకెయ్, అన్నీ పీకెయ్. యల్లా, త్వరగా!"

"పీకితే సిల్లు పడుద్దండి. ఇది నేత గుడ్డ కాదు కదండీ, మళ్ళీ కలవదు."

"అయితే నలభై మొహాలూ మళ్ళీ కుట్టు. అవయ్యేదాకా ప్రయాణం మాటెత్తకు."

అంతలో గుమ్మంలో సెంటు వాసన గుప్పుమంది. మాణిక్యాంబగారు వచ్చేశారు. నేరుగా బల్ల దగ్గరికొచ్చి ఒక బొంబూను ఎత్తుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. హైమావతిగారు కళ్ళు మూసుకున్నారు.

"హైమా!" మాణిక్యాంబగారు చుక్కమీద వేలు పెట్టారు. "ఈ పుట్టుమచ్చ! టోపీ టోపీ అని అందరం కొట్టుకున్నాం గానీ, ఈ మచ్చ ఒక్కళ్ళకీ గుర్తులేదే! ముప్ఫయ్యేళ్ళు! నీకెలా గుర్తుంది తల్లీ?"

ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఇక మిగతావాళ్ళకు జ్ఞాపకాలు పొంగుకొచ్చాయి. బొంబూ నవ్వితే ఆ మచ్చ అదిరేదని గుంటూరు అంది. తుమ్మినప్పుడు అది ఎగిరి రెండో బుగ్గమీద పడేదని ఏలూరు అంది. తప్పిపోయిన బొంబూను వాళ్ళమ్మ ఆ మచ్చనిబట్టే గుర్తుపడుతుందనీ, ఆ ఘట్టంలో తాను వెక్కివెక్కి ఏడ్చాననీ ఇంకొకావిడ చెప్పి మళ్ళీ ఏడ్చింది. హైమావతిగారు కళ్ళు తెరిచారు. మైకు అందుకున్నారు. అంత చిన్న విషయం కూడా మరిచిపోకపోవడం తన వంశంలోనే ఉందని ఉపన్యాసంలో అప్పటికప్పుడు చేర్చారు.

బల్లమీది కార్డులో 'రూపకల్పన: శ్రీమతి హైమావతి' అని ఉంది. పేరమ్మ బల్ల వెనక నిలబడి బొమ్మలకు అట్టపెట్టెలు అందించింది. పేరు లేదని ఆమెకు బాధ కలగలేదు. మర్నాడు టిక్కెట్టు. ఆమె కళ్ళకు అదే కనిపిస్తోంది.

నలభై బొమ్మలూ గంటలో ఖలాస్. అబుదాబి సమితికి మరో వంద కావాలని, మచ్చ తప్పకుండా ఉండాలని మాణిక్యాంబగారు ఆర్డరిచ్చారు. హైమావతిగారు తలూపేశారు.

ఇంటికొచ్చాక ఆవిడ సోఫాలో వాలి, "పేరమ్మా, ఫిబ్రవరి గడిచాక వెళుదువుగాని. పురుడుదేముంది, నువ్వున్నా లేకపోయినా అవుతుంది" అన్నారు.

పేరమ్మకు ఒళ్ళు మండింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఎన్నో మింగింది. ఈ ఒక్కమాట మాత్రం మింగుడుపడలేదు. చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"రేపు పొద్దున మాణిక్యాంబగారు టీకి వత్తానన్నారు కదండీ. హాల్లో నన్నడిగారండి, ఆ మచ్చ ఎలా కుట్టావమ్మా అని. రేపు సెబుతానన్నానండి. దిష్టి సుక్క సంగతి సెప్పేత్తానండి. ఉన్నమాటే కదండీ."

ఆమె బెదిరించలేదు. బెదిరించేంత తెలివి తనకు లేదనే పేరమ్మ నమ్మకం. కానీ హైమావతిగారు సోఫాలోంచి లేచి కూర్చున్నారు. తర్వాత వంటింట్లోకొచ్చి, ఏనాడూ కూర్చోని పీటమీద కూర్చున్నారు.

"పేరమ్మా, నేనసలు ఆ సినిమా చూడలేదు."

పేరమ్మ తెల్లబోయింది.

"నాన్నగారు అన్నయ్యల్నే తీసికెళ్ళారు. ఆడపిల్లకి హాలెందుకన్నారు. నాకు ఎనిమిదేళ్ళు. వాళ్ళొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. బొంబూ ఎలా ఉన్నాడ్రా అంటే, చెయ్యి ముక్కుకి పెట్టుకుని ఇలా ఊపారు." హైమావతిగారు చెయ్యి ఊపి చూపించబోయి ఆపేశారు. "నేను చూసింది అంతే. ఇన్నేళ్ళూ చూశాననే చెబుతున్నాను. పుట్టుమచ్చ ఉందో లేదో నాకేం తెలుసు?"

పేరమ్మకు కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. గుమ్మంలో ఎనిమిదేళ్ళ పిల్ల ఆమెకు స్పష్టంగా కనిపించింది.

"నా కూతురి పురుడు నేను సూడకపోతే, నేనూ అంతేనండమ్మగారూ. బిడ్డ ఎలా పుట్టాడు, ఎలా ఏడిసాడు అని ఆళ్ళనీ ఈళ్ళనీ అడిగి తెలుసుకోవాలి. తర్వాత నేను సూసినట్టే అందరికీ సెప్పుకోవాలి."

హైమావతిగారు పీటమీంచి లేచారు. లోపలికెళ్ళారు. బీరువా తలుపు కిర్రుమంది. పట్టుచీరల కలరావుండల వాసనతో పాస్‌పోర్టు వంటింటి గట్టుమీదికి వచ్చింది.

"మంగళవారం టిక్కెట్టు చేయిస్తాను. కానీ ఆ వంద బొమ్మలు ఎవరు కుట్టాలే?"

"మీరేనండి. కార్డు మీద మీ పేరే ఉంది కదండీ."

సోమవారం దాకా పేరమ్మ ఆవిడకు కాజా కుట్టు నేర్పింది. హైమావతిగారి వేళ్ళు అయిదుసార్లు సూదికి చిక్కాయి. మాణిక్యాంబగారు టీకొచ్చి అడిగితే, "అమ్మగారికే తెలుసండి, ఆయ్" అని చెప్పి పేరమ్మ పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

పేరమ్మ ఊళ్ళో ఇంట్లో అడుగుపెట్టిన రెండో రోజు మధ్యాహ్నం చిట్టెమ్మకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పిల్ల పుట్టగానే ఏడవలేదు, ముందు ఒకసారి తుమ్మింది. పేరమ్మ తన కళ్ళతో చూసింది.

నెల తిరిగాక దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన పక్కూరి అంజిబాబు ఒక పొట్లం ఇచ్చి వెళ్ళాడు. అందులో అమ్మగారి ఉత్తరమూ, ఒక బొమ్మా ఉన్నాయి. ఉత్తరం చిట్టెమ్మ మొగుడు చదివాడు. మచ్చ ఎడమ బుగ్గమీదేనని సమితి తీర్మానించిందట. కుడి బుగ్గేనని పట్టుబట్టిన గుంటూరావిడ రాజీనామా చేసిందట. వందలో పదకొండు అయ్యాయట. ఇది మొదటిదట.

చిట్టెమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పింది. ఒక చెవి పైకీ, ఒకటి కిందికీ ఉన్నాయి. తొండం మెలి తిరిగింది. కళ్ళు రెండూ ఒకే వైపు చూస్తున్నాయి.

"ఏటమ్మా ఇది? పందా?"

"ఏనుగంట."

"ఈ మొకానికి కూడా దిష్టి తగుల్తాదా? సుక్క పెట్టారు సూడు!"

పేరమ్మ బొమ్మను చేతిలోకి తీసుకుంది. బుగ్గమీది చుక్క చుట్టూ కుట్టు నాలుగుసార్లు విప్పి మళ్ళీ వేసిన గుర్తులున్నాయి. అయినా చుక్క ఎడమ బుగ్గమీద సరిగ్గా మధ్యలో, మినపగింజంతే ఉంది. పక్కన లేత గులాబి రంగు చిన్న మరక ఉంది, సూది గుచ్చుకున్న చోటు. పేరమ్మకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి.

"కట్టవే ఉయ్యాలకి" అంది. "అది అమ్మగారు ఎంతో ఆశపడీ సూడలేకపోయిన ఏనుగు. దానికే ఎక్కువ దిష్టి తగుల్తాది."