వేలు పెట్టిన చోట

మా అమ్మాయి హోప్ గ్లవ్స్ మీద పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాస్తున్నాను. కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లో మంచు పడడం మొదలైతే తల్లులకు ఇదొక అదనపు పని. టోపీ, స్కార్ఫు, బూట్లు, అన్నింటి మీదా పిల్ల పేరు రాయకపోతే సాయంత్రానికి స్కూల్లో ఏదో ఒకటి మాయమైపోతుంది. ఎడమ గ్లవ్ అయిపోయి కుడిది చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్న మా ఆయన సువార్తరాజు తలెత్తి అడిగారు.

"సలోమీ, హోప్ టీచర్ పేరేంటి?"

నవ్వొచ్చింది నాకు. స్కూలు తెరిచింది సెప్టెంబర్‌లో, ఇది డిసెంబర్.

"మిసెస్ ఫెర్నాండో."

"ఆరన్ డాక్టరు?"

"డాక్టర్ గిల్."

"వాడికేదో పడదు కదా, ఏంటది?"

"జీడిపప్పు. ఏమండీ, పన్నెండేళ్ళ కొడుక్కి ఏం పడదో ఇవాళ గుర్తొచ్చిందా?"

ఆయన పట్టించుకోలేదు. రాసుకుంటున్నారు. పళ్ళ డాక్టరు, టీకాలు, ఆరన్ ఆయాసానికి పఫర్ ఎన్నిసార్లు పీల్చాలి, హోప్‌ని స్కూలు నుంచి ఎవరు తెస్తారు. అలవాటు కొద్దీ అన్నీ చెప్పేశాను. చెప్పాక అడిగాను, ఎందుకని.

"చైల్డ్ బెనిఫిట్ వాళ్ళు రివ్యూ లెటర్ పంపారు. ఈ మధ్య చెకింగులు ఎక్కువయ్యాయట. పిల్లల్ని చూసుకునేది నేనేనని ప్రూఫ్ కావాలట. మన ట్యాక్సులు చూసే రవిశంకర్ గారు లెటర్ టైప్ చేసిచ్చారు. నువ్వు ఇంకోసారి సంతకం పెడితే అయిపోతుంది."

"ఇంకోసారా?"

ఆయన ఫైల్లోంచి పాత కాపీ తీసి ముందుకు తోశారు. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. నా పిల్లల ఆలనాపాలనా ప్రధానంగా చూసేది నా భర్త, పిల్లల పెంపకానికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే బెనిఫిట్ ఆయనకే ఇవ్వండి అని. కింద నా సంతకం. ఎనిమిదేళ్ళ కిందటి ఫిబ్రవరి పదకొండు.

ఆ తేదీ నేను మర్చిపోవడమా! శాశ్వత నివాసం, అదే పీఆర్ మీద ఈ దేశం వచ్చి మూడు నెలలు. ఆరన్‌కి నాలుగేళ్ళు, ఊపిరందక ఆస్పత్రిలో ఉన్నాడు. హోప్ కడుపులో ఐదో నెల. మాస్కు పెడితే లాగేస్తున్నాడని పంతొమ్మిది గంటలు నా చేత్తోనే వాడి ముఖానికి పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఈయన వేర్‌హౌస్‌లో షిఫ్టు ముగించుకుని, ఒక బిస్కెట్ ప్యాకెట్టూ ఒక కాగితమూ పట్టుకొచ్చారు. "పిల్లల పేపర్లు, ఇక్కడ పెట్టు" అని వేలు పెట్టి చూపించారు. ఎడమ చేత్తో మాస్కు పట్టుకునే, కుడి చేత్తో పెట్టేశాను. పాలకొల్లు చర్చిలో పెళ్ళి రిజిస్టర్ దగ్గరా అంతే, పాస్టరు గారు వేలు పెట్టిన చోట పెట్టాను. ఇంటి లీజు, బ్యాంకు, కారు, అన్నీ అలాగే. భీమవరం ఆస్పత్రిలో డాక్టరు చీటీ మూడుసార్లు చదవందే ఒక్క చుక్క మందు ఎక్కించని నర్సుని నేను. మొగుడు తెచ్చిన కాగితం మాత్రం ఒక్కసారి కూడా చదవలేదు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

"ఇక్కడ ఈ డబ్బు తల్లికే ఇస్తారంట కదా?" అన్నాను. మా సీనియర్స్ హోమ్‌లో పనిచేసే జమైకా ఆవిడ ఒకసారి అంటే, మాకది వర్తించదులే అనుకున్నాను.

"తల్లి రాసిస్తే తండ్రికిస్తారు. ఇంటి పెద్ద పేరు మీదుంటే ఈజీ అన్నారు రవిశంకర్ గారు. ఎవరి అకౌంట్లో పడితే ఏముంది, మనింట్లోకేగా?"

మనింట్లోకే. "ఏదో కొద్దిగా వస్తుందిలే, ట్యాక్సుకే సరిపోదు" అనేవారు ఎప్పుడడిగినా. ఇక్కడ నర్సు రిజిస్ట్రేషన్‌కి అప్లై చేస్తానని మొదటి ఏడాది అడిగాను. "ఇప్పుడు డబ్బులెక్కడివి, వచ్చే ఏడాది చూద్దాం." రెండో ఏడాది ఆయనకి ట్రక్కు కొనాలనిపించింది. మూడో ఏడాది నేనే అడగలేదు. అప్పటికి చివరిసారి నర్సుగా పనిచేసి మరీ ఎక్కువ కాలమైపోయింది, గడువు దాటింది. ఇప్పుడు రెండు బస్సులు మారి ఎటోబికో వెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాను. నాకంటే పదేళ్ళు చిన్న నర్సమ్మ "బీపీ చూడ్డం నీ పని కాదు" అంటే "సారీ" అంటాను. నెలనెలా ఇరవయ్యో తారీఖున ప్రభుత్వం ఒక తల్లి చాకిరీని గుర్తుపెట్టుకుని డబ్బు పంపుతూనే ఉంది. ఆ తల్లి పేరు సువార్తరాజు! డబ్బు పోతే పోయింది. ఆ రాత్రి మాస్కు పట్టుకున్న చెయ్యి నాది కాదని నాతోనే రాయించారు.

ఆయన అవేమీ గమనించలేదు. ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి అడిగితే తడబడకూడదని చీటీ చూసి బట్టీ పడుతున్నారు. "టీచర్ ఫెర్నాండో, డాక్టర్ గిల్, జీడిపప్పు..."

గ్లవ్స్ కోసం వచ్చిన హోప్ తండ్రి పక్కన నిలబడి కాసేపు విన్నది.

"డాడీ, ఆర్ యూ స్టడీయింగ్ అస్?"

ఏడేళ్ళ పిల్ల, ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు కోపం రావాలి, ఏడుపొచ్చింది. ఆయన మీద కూడా జాలేసింది, ఎనిమిదేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి పిల్లల్ని చీటీలో చదువుకునే తండ్రయినందుకు. "లోపలికెళ్ళి ఆడుకో అమ్మా" అని దాన్ని పంపేశాను.

ఆయన కొత్త లెటరు నా ముందు పెట్టారు. చివర గీత మీద వేలు పెట్టారు. "ఇక్కడ."

"వేలు తియ్యండి."

"ఆ?"

"వేలు తియ్యండి, చదువుకోవాలి."

తీశారు. చదివాను. మూడుసార్లు, మందు చీటీ చదివినట్టు.

"సలోమీ, ఇది పంపకపోతే డబ్బు ఆపేస్తారు. ఇన్నాళ్ళదీ వెనక్కి కట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తాం? ట్రక్కు వాయిదా ఉంది. పిల్లల నోటి కాడ కూడు తీస్తావా?"

భయం వేసింది. ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ డబ్బు ఆగితే ఈ చలికాలం ఎలా గడుస్తుందో నాకూ తెలియదు. అయినా కాగితం వెనక్కి తిప్పాను. చేతిలో మార్కర్ ఉంది, పెన్ను అడగలేదు. ఆరన్, హోప్ పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళని పెంచుతున్నది నేను, పాత కాగితం నేను చదవకుండా పెట్టిన సంతకం అని ఇంగ్లీషులో రాశాను. ఆ డబ్బు ఇకమీదట నా పేరు మీదే రావాలని రాశాను. సిరా ఇంకిపోయి అవతలి వైపున టైపు చేసిన అక్షరాల మీదికి దిగింది.

ఎవరూ చూపించని చోట సంతకం పెట్టి కింద తేదీ వేశాను. ఈ తేదీ కూడా నేను మర్చిపోను.